ద్రాక్షతోటల మఠంలో ఉండిపోయిన కుర్రాడు

టూరు బస్సు పనిలోకి కొత్తగా చేరిన ఇద్దరు కుర్రాళ్ళు ఆమధ్య మా ఇంటికి వచ్చి, "అంకుల్, ఇన్నేళ్ళు నడిపారు కదా, మాకోసం నాలుగు మాటలు రాసివ్వండి" అన్నారు. నవ్వొచ్చింది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. మానేశాను అంటున్నాను గానీ, బడీ నేనూ ఒకరినొకరు మానేశామనడం న్యాయం. ఆ తర్వాత తాడేపల్లిగూడెంలో లారీ క్లీనరుని, ఆపైన డ్రైవరుని. మా ఆవిడ సరళకి కెనడాలో నర్సు ఉద్యోగం వస్తే, ఆవిడ సామాన్లలో ఒక సామానుగా నేనూ దిగాను. ఇక్కడ మొదట దొరికిన పని స్కూలు బస్సు. బడి ఎగ్గొట్టినవాణ్ణి రోజుకి రెండుసార్లు బడి గేటు ముందు నిలబెట్టాడు దేవుడు. ఆ శిక్ష పూర్తయ్యాక టూరు బస్సు ఇచ్చాడు.

బ్రేకులు, అద్దాలు, డ్రైవింగ్ గంటలు, మంచులో జారకుండా నడపడం, ఇవన్నీ మీకు కంపెనీవాళ్ళు నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది ఒకటుంది. అదే రాస్తున్నాను. నా నోరు ఊరుకోదు కాబట్టి మధ్యమధ్య నవ్విస్తాను. కానీ ఇది నవ్వుకునే సంగతి కాదని ముందే చెబుతున్నాను.

మైకు

ఈ పనిలో స్టీరింగ్ కన్నా ప్రమాదమైనది మైకు. మా ఓనరు మూర్తిగారిది నయాగరా జలపాతానికి బస్సులు నడిపే చిన్న కంపెనీ. రిచ్‌మండ్ హిల్‌లో ఆయన గరాజే మా ఆఫీసు. డ్రైవరే గైడు కూడా. మొదటిరోజు ఆయన నాకిచ్చిన ట్రైనింగ్ మొత్తం ఇది: "నాగేశూ, జలపాతం సంగతి జలపాతం చూసుకుంటుంది. దారిలో జనం నిద్రపోకుండా నువ్వు చూసుకో."

చూసుకున్నాను. ఎండాకాలంలో సాఫ్ట్‌వేరు పిల్లలు తమ తల్లిదండ్రుల్ని ఎక్కించేవారు. వాళ్ళతో అల్లుళ్ళ మీద జోకులు. ఆ తర్వాత స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన ఏళ్ళు మొదలయ్యాయి. ప్రతి సెమిస్టరు మొదట్లో కాలేజీల తెలుగు సంఘాలు కొత్తవాళ్ళకోసం నయాగరా ట్రిప్పు పెట్టేవి. లండన్ నుంచి, అంటే మన ఒంటారియో లండన్ నుంచి, బస్సు నిండా పిల్లలు. వాళ్ళతో రూములమీద, పార్ట్‌టైమ్ ఉద్యోగాలమీద, మ్యాగీమీద జోకులు. ఎక్కడ నొప్పి ఉందో అక్కడ చక్కిలిగింత పెడితే జనం ఎక్కువ నవ్వుతారు. ఆ సూత్రం నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతో వచ్చింది. ఇప్పుడు అనిపిస్తుంది, రాకపోయినా బాగుండేదని.

జలపాతం చూపించాక, వెనక్కి వచ్చేదారిలో మేం ఆపే చోటు ఒక మఠం. కొండ అంచు కింద మైళ్ళ పొడవునా ద్రాక్షతోటలుంటాయి కదా, వాటి మధ్యలో. సిస్టర్షియన్లనే క్రైస్తవ సన్యాసులది. తెల్ల అంగీ, దానిమీద ముందూ వెనకా వేలాడే నల్లగుడ్డ. తెల్లవారకముందు లేచి రోజుకి ఏడుసార్లు ప్రార్థన చేస్తారు. మిగతా వేళల్లో తోటపని. అవసరమైతేనే మాట్లాడతారు. అందుకే వాళ్ళకి నేనంటే వింత.

ఆ మఠం రాళ్ళు కెనడావి కావు. ఫ్రాన్సులో ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఇదే సన్యాసులు ద్రాక్షతోటల మధ్య కట్టుకున్న మఠం ఒకటి పాడుబడితే, ఎవరో ధనవంతుడు దాన్ని కొని, ఊడదీయించి, ఒక్కో రాయికీ నంబరు వేయించి, ఓడలో ఇక్కడికి తెప్పించి మళ్ళీ కట్టించాడట. లోపల బొమ్మల్లేవు, రంగుటద్దాల్లేవు. బూడిదరంగు రాయి, కిటికీలోంచి పడే వెలుతురు, అంతే. మధ్యలో చతురస్రంగా చిన్న తోట, దాని చుట్టూ నాలుగు వైపులా కమానుల వసారా. మనవాళ్ళు ఆ వసారా చూడగానే ఏం చేస్తారో మీకు చెప్పక్కర్లేదు. ఓ పిన్నిగారు చేతులు జోడించి గబగబా మూడు ప్రదక్షిణలు చేసేశారు. నేను కంగారుపడి, అతిథుల్ని చూసుకునే ముసలి సన్యాసి బ్రదర్ ఆంబ్రోస్‌కి క్షమాపణ చెప్పుకోబోయాను. ఆయన, "తిరగడానికే కట్టారు. మిగతావాళ్ళు నిలబడి ఫోటోలు తీసుకుంటారు, అంతే తేడా" అన్నారు. ఆరోజునుంచి ఆయనంటే నాకు ఇష్టం.

మఠం రావడానికి పది నిమిషాల ముందు మైకులో నేను చెప్పే జోకు ఇది: "రూము దొరకనివాళ్ళు ఇక్కడ దిగి చేరిపోవచ్చు. రెంటు లేదు, లీజు లేదు, మూడు పూటలా తిండి. పెళ్ళి మాత్రం ఉండదు. అది మీకెలాగూ ఇప్పట్లో లేదు." బస్సు ఊగిపోయేది. ఎన్ని ట్రిప్పుల్లో చెప్పానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఫెయిలవలేదు. నా చేతిలో ఫెయిలవనిది అదొక్కటే కావడంతో, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

చెప్పుల లెక్క

బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టాలి. ఇది ఈ వృత్తికి ఓంకారం. నేనూ మొదట్లో లెక్కపెట్టేవాణ్ణి. కానీ మఠం దగ్గర నాకు ఒక అడ్డదారి దొరికింది. ప్రార్థనామందిరం గడప ముందు మనవాళ్ళంతా చెప్పులు, బూట్లు విప్పేస్తారు. అక్కర్లేదని బ్రదర్ ఎన్నిసార్లు చెప్పినా విప్పేస్తారు. రాతినేల చల్లగా పాదాల్ని కొరికేస్తున్నా విప్పేస్తారు. కాబట్టి నేను బస్సు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టడం మానేసి, వెళ్ళేముందు ఆ గడప దగ్గరికి వెళ్ళి చూసేవాణ్ణి. జత మిగిలి ఉంటే మనిషి లోపలున్నట్టు. గడప ఖాళీగా ఉంటే అందరూ వచ్చేసినట్టు.

మూర్తిగారికి ఇది గర్వంగా చెప్పాను. ఆయన పొగడలేదు. "ఏదో ఒకరోజు నీ లెక్క నిన్ను ముంచుతుంది. చెప్పులకి నోరుండదు నాగేశూ" అన్నారు. నేను నవ్వేశాను. ఓనర్లకి తెలివైన పనివాళ్ళని చూస్తే అసూయ అనుకున్నాను. ఆయన చెప్పినవాటిలో నేను విని ఉండాల్సింది ఆ ఒక్కమాటే.

నవంబరు శనివారం

ఆ శనివారం లండన్‌లో ఎక్కిన నలభై ఎనిమిది మందిలో ఒక కుర్రాడు పెద్ద వీపుసంచితో వచ్చాడు. కొండలెక్కేవాళ్ళు తగిలించుకునే రకం. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చే ట్రిప్పు అది. ఎవరో ఆఖరినిమిషంలో రాకపోతే సంఘంవాళ్ళు ఆ సీటు ఇతనికి ఊరికే ఇచ్చారట. సంచి కింద డిక్కీలో పెడతానంటే వద్దని ఒళ్ళో పెట్టుకున్నాడు.

నాకు దొరికాడు కదా. మైకు తీసుకున్నాను.

"బాబూ, నీ పేరేంటి?"

"వంశీ."

"వంశీ, నయాగరా చూడ్డానికి వస్తున్నావా, కాపురం పెట్టడానికి వస్తున్నావా?"

అందరూ నవ్వారు. వంశీ కూడా నవ్వాడు. "కొంచెం సామానుంది అంకుల్" అన్నాడు. మనిషి సన్నగా ఉన్నాడు. మాటనిబట్టి వరంగల్ వైపు అనుకున్నాను. పగలంతా నేను అతని జోలికి పోలేదు. ఒక జోకు ఒకరిమీద ఒకసారే వెయ్యాలన్నది నా నియమం. దాన్నే నేను మర్యాద అనుకునేవాణ్ణి.

మఠం చేరేసరికి వెలుగు తగ్గింది. తోటల్లో ఆకులు రాలిపోయి, వైనుకోసం గడ్డకట్టాక కోసే ద్రాక్ష మాత్రం వలలకింద తీగలమీదే వేలాడుతోంది. సన్నగా మంచుతో కలిసిన వాన. నా జోకు నేను చెప్పాను, బస్సు నవ్వింది, అందరూ దిగారు. ముప్పావుగంట తర్వాత హారన్ కొట్టాను. గడప దగ్గరికి వెళ్ళి చూశాను. ఒక్క జత కూడా లేదు. బస్సు తీశాను.

లండన్‌లో అందర్నీ దింపాను. థాంక్యూ అంకుల్, బై అంకుల్. ఎవరూ ఎవరికోసమూ వెతకలేదు.

బ్రదర్ ఫోను

ఆదివారం పొద్దున్న బ్రదర్ ఆంబ్రోస్ ఫోను చేశారు. మఠం గెస్ట్‌హౌస్ బల్లమీద నా కార్డు ఎప్పుడూ ఉండేది.

"మీ మనిషి ఒకరు మా దగ్గర ఉన్నారు" అన్నారాయన.

"మావాళ్ళెవరూ తప్పిపోలేదు బ్రదర్."

"తప్పిపోలేదు. ఎక్కడా చోటు లేదట, ఇక్కడ ఉండవచ్చని మీరు చెప్పారంటున్నారు."

ఫోను పెట్టేశాను. నైట్‌షిఫ్టు చేసి అప్పుడే వచ్చిన సరళ, కోటు కూడా విప్పకుండా నా ముఖం చూస్తూ నిలబడింది. ఓ కుర్రాడు మఠంలో ఉండిపోయాడని, ఉండడానికి ఎక్కడా చోటులేదని, వెళ్ళి చూసొస్తానని చెప్పాను. "మెల్లగా వెళ్ళండి, రోడ్డు జారుతుంది" అంది.

నేను వెళ్ళేసరికి వంశీ వంటగదిలో బంగాళదుంపల తొక్క తీస్తున్నాడు. పక్కన ఇద్దరు సన్యాసులు మౌనంగా క్యారెట్లు తరుగుతున్నారు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, క్లాసులో మాస్టారు వచ్చినట్టు. బయట వసారాలోకి తీసుకెళ్ళాను.

"గడప దగ్గర నీ బూట్లు లేవేం?" ముందు అదే అడిగాను. సిగ్గుగా ఉంది రాయడానికి. వాడు ఎలా ఉన్నాడని అడగలేదు, నా లెక్క ఎక్కడ తప్పిందని అడిగాను.

"కవర్ల ఏస్కొని సంచిల పెట్టుకున్న అంకుల్. ఇంటికాడ గుళ్ళకు పోతే చెప్పులు పోతయి గద. అలవాటు."

"మరి హారన్ కొడితే రాలేదేం?"

"ఇన్న. రాలే."

చేతికంటిన తొక్క దులుపుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. లండన్‌లో ఒక బేస్‌మెంటులో తొమ్మిదిమంది ఉండేవారట. సిటీవాళ్ళు తనిఖీకి వస్తారని తెలిసి ఇంటాయన గురువారం అందర్నీ ఖాళీ చేయించాడు. మిగతావాళ్ళకి ఎవరో ఒకరు దొరికారు. వంశీ రెండురోజులు కాలేజీ లైబ్రరీలో గడిపాడు. శనివారం లైబ్రరీ తొందరగా మూస్తారు. అప్పుడు సంఘంవాళ్ళు సీటు ఖాళీ ఉంది, వస్తావా అన్నారు.

"అటెండెన్సు ఇప్పటికే తక్కువుంది అంకుల్. మిగిలినయి ఆన్‌లైన్ క్లాసులే గని, ఇంకోటి మిస్సయితే కాలేజోళ్ళు రిపోర్ట్ చేస్తరు. స్టడీ పర్మిట్ పోతది. ఒక్క నెల, ఏడన్న ఉండనిస్తే సెమిస్టర్ అయిపోతది. మీరు మైకుల చెప్పిన్రు గద, రెంటు లేదు, మూడు పూటల తిండి అని."

"అది జోకు నాయనా."

"తెల్సు అంకుల్." తలొంచుకుని అన్నాడు. "కొంచెమన్న నిజముంటదేమో అనుకున్న."

చాలామంది నామీద కోప్పడ్డారు ఈ ఉద్యోగంలో. ఒకాయన కాలర్ కూడా పట్టుకున్నాడు. వాటిలో ఏదీ ఈమాట తగిలినంతగా తగల్లేదు.

బ్రదర్ ఆంబ్రోస్ వచ్చి మా దగ్గర నిలబడ్డారు. నాకొచ్చిన ఇంగ్లీషులో విషయం చెప్పాను. ఆయన విని, అతిథిని వెళ్ళమనడం తమ పద్ధతి కాదని, కానీ సోమవారం నుంచి గదులు నిండిపోతున్నాయని చెప్పారు. ఆపైన సూటిగా నన్ను అడిగారు: "మీ ఇంట్లో చోటుందా?"

మా ఇంట్లో మూడు పడకగదులు. మేం ఇద్దరం. అమ్మాయి పెళ్ళై వెళ్ళినప్పటినుంచి దాని గది ఖాళీ. దుప్పటి కూడా మడతపెట్టే ఉంటుంది.

"లేదు" అన్నాను.

ఎందుకన్నానో మీకు నిజమే చెబుతాను. ఆ రోజుల్లో నాకు వారానికి ఇద్దరో ముగ్గురో ఫోను చేసేవారు, రూముందా అంకుల్ అని. ఒకణ్ణి ఇంట్లో పెట్టుకుంటే రేపు బస్సెడుమంది గుమ్మంలో ఉంటారని భయం. పని నుంచి వచ్చాక ఇంట్లో నిశ్శబ్దం కావాలని ఆశ. పెద్ద కారణాలేం లేవు. ఆ రెండే.

ఇంకొక సంగతి. బ్రదర్ ఇంగ్లీషులో అడిగారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. వంశీ పక్కనే ఉన్నాడు. నాకన్నా వాడి ఇంగ్లీషు మంచిది.

ప్రసాద్ బేస్‌మెంటు

అక్కడినుంచే నాకు తెలిసిన ప్రసాద్‌కి ఫోను చేశాను. లండన్‌లో అతనికి ఇల్లుంది, కింద స్టూడెంట్లని పెట్టుకుంటాడు. "ఒక పరుపు పడుతుందన్నా, పంపించు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సమస్యని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మార్చడాన్ని సాయం అంటారని అప్పటికి నాకు నమ్మకం.

రెండుగంటల ప్రయాణం. కారులో వేడి పెట్టాను. వంశీ సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాడు. హామిల్టన్ దాటాక అడిగాడు.

"ఇంట్ల మీరెంతమంది ఉంటరు అంకుల్?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "ఇద్దరం" అన్నాను.

"ఆహా" అన్నాడు. కాసేపాగి, "ఇండ్లు పెద్దగుంటే చలికాలం హీటింగ్ బిల్లు మస్తొస్తదట గద" అన్నాడు. నాకు సాకు అందిస్తున్నాడు వాడు. నా బిడ్డకన్నా చిన్నవాడు, చోటులేక సంచితో తిరుగుతున్నవాడు, నేను సిగ్గుపడకుండా ఉండాలని వెతికి వెతికి ఒక మాట తెచ్చాడు. నేను దాన్ని కూడా తీసుకున్నాను. "అవును, మస్తుగా వస్తుంది" అన్నాను.

ప్రసాద్ ఇంటి పక్కగుమ్మం దగ్గర దింపాను. మెట్లు దిగి లోపలికి తొంగిచూశాను. పరుపులే నేల. వంశీ బూట్లు విప్పి, కవర్లో పెట్టుకుని, సంచిలో వేసుకున్నాడు. "పోయిరాండ్రి అంకుల్" అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సరళ నిద్ర మానుకున్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మాయి గదిలో ఉతికిన దుప్పటి పరిచి ఉంది. హీటరు వేసి ఉంది. పొయ్యిమీద పప్పుచారు.

నా వెనక తలుపువైపు చూసింది. "ఏడండీ పిల్లాడు?"

"ప్రసాద్ దగ్గర పెట్టొచ్చాను."

"మన గదికేమైంది?"

నేను బూట్ల తాళ్ళు విప్పుకోసాగాను.  ఆవిడ వెళ్ళి హీటరు ఆపి, తలుపు వేసి వచ్చింది.

ఆ రాత్రే వెళ్ళి తీసుకురావచ్చు. పోనీ మర్నాడు. మర్నాడు నాకు ట్రిప్పుంది, ఆ మర్నాడూ ఉంది. గురువారం ప్రసాద్‌కి ఫోను చేశాను. "వాడా? మంగళవారమే వెళ్ళిపోయాడన్నా. ఇక్కడ పదకొండుమంది, చదువుకోవడానికి కుదరట్లేదన్నాడు" అన్నాడు. కారులో తీసుకున్న వంశీ నంబరుకి చేస్తే మోగలేదు. సంఘంవాళ్ళలో ఒకరు ఎక్కడో పడమట ఉన్న రెజైనా నగరానికి వెళ్ళాడన్నారు, ఎవరో ఫ్రెండు రమ్మన్నాడట. ఇంకొకరు కాలేజీ మానేశాడన్నారు, ఇంకొకరు వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడన్నారు. ఎవరికీ కచ్చితంగా తెలియదు.

నేను చెప్పిన వంశీ

ఆ తర్వాత ఆ జోకు మానేశాను. తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పెద్ద సంచితో ఎవరైనా ఎక్కితే మైకు పక్కనపెట్టి, దగ్గరికెళ్ళి, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావని చిన్నగా అడగడం నేర్చుకున్నాను. మీకు నేను నేర్పగలిగింది ఇంతే. మా అమ్మాయి గదిలో ఆ తర్వాత నలుగురు ఉండి వెళ్ళారు. బస్సెడుమంది ఎప్పుడూ రాలేదు. నలుగురే. ఇవన్నీ మంచిపనులే. వంశీకి మాత్రం వీటిలో ఒక్కటీ పనికిరాలేదు.

మఠానికి ట్రిప్పులు ఆగలేదు కదా. వెళ్ళిన ప్రతిసారీ బ్రదర్ ఆంబ్రోస్ అడిగేవారు: "మీ మనిషి ఎలా ఉన్నాడు?"

మొదటిసారి "బాగున్నాడు" అన్నాను, మాట తప్పించడానికి. రెండోసారి "సెమిస్టర్ పాసయ్యాడు" అన్నాను. ఆయన ముఖం ఎంత వెలిగిందంటే, నేను ఆగలేకపోయాను. నాకసలే కథలు చెప్పే నోరు. ఆ మరుసటి సంవత్సరం రెజైనాలో గవర్నమెంటు ఆఫీసులో ఉద్యోగం ఇప్పించాను. తర్వాత పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు ఇప్పించాను. ఇమిగ్రేషన్‌వాళ్ళకి ఏళ్ళు పట్టే పని నా నోట్లో రెండు ట్రిప్పుల్లో అయిపోయింది. పెళ్ళి కూడా కుదిర్చేవాణ్ణే, ఈలోగా నాకు రిటైర్మెంటు వచ్చింది.

చివరి ట్రిప్పు. అదీ నవంబరే. పిల్లలు లోపల ఉన్నారు. బ్రదర్ బాగా వంగిపోయారు, కర్రపట్టుకుని వసారాలో నా పక్కకి వచ్చి నిలబడి, ఎప్పటిలాగే అడిగారు.

"తెలియదు బ్రదర్" అన్నాను. "ఆ ఆదివారం తర్వాత వాణ్ణి నేను చూడలేదు. ఇన్నాళ్ళూ చెప్పినవన్నీ అబద్ధాలు. ఆ రోజు చోటు లేదన్నదీ అబద్ధమే. ఒక గది ఖాళీగా ఉంది."

ఆయన మధ్యనున్న తోటవైపు తిరిగారు.  లోపలినుంచి పిల్లల గుసగుసలు వినిపిస్తున్నాయి.

"ఆ వారం మా గెస్ట్‌హౌస్‌లో నాలుగు గదులు ఖాళీ" అన్నారాయన. "ఒకణ్ణి నెలరోజులు ఉంచితే, తర్వాత ఎంతమంది వస్తారోనని భయపడ్డాను. నిర్ణయం నాది. మిగతావాళ్ళకి తెలియదు." కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "అతను బాగున్నాడని మీరు చెప్పినప్పుడల్లా, నేను చేసింది అంత తప్పేమీ కాదేమో అనుకునేవాణ్ణి."

నేను ఏదో అనబోయాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు. జేబులోంచి చిన్న కాగితం, పెన్సిలు తీసి, సాయంత్రం ప్రార్థనలో పేరు సరిగ్గా పలకాలంటూ ఇంకోసారి చెప్పమన్నారు.

"వంశీ" అన్నాను. అక్షరం అక్షరం చెప్పాను. రాసుకున్నారు.

ఇంటిపేరు అడిగారు.

నాకు తెలియదు.